ఆరంభశూరులమన్న నింద

డిసెంబరు ఆఖరి వారం వచ్చిందంటే తెలుగునాట ఒకే ప్రవచనం నాలుగు వైపుల నుంచీ వినిపిస్తుంది. పత్రికల ఆదివారం అనుబంధాలు, టీవీల పొద్దుటి కార్యక్రమాలు, వాట్సాప్ గ్రూపులు, కాలేజీల్లో వ్యక్తిత్వ వికాస తరగతులు, అన్నిటిదీ ఒకటే మాట. కొత్త ఏడాదికి లక్ష్యాలు పెట్టుకో. పెద్దవి పెట్టుకో. కాగితం మీద రాసి అద్దానికి అంటించుకో. 21 రోజులు పట్టుబట్టావంటే అదే అలవాటైపోతుంది. సంకల్పబలం ఉన్నవాడికి సాధ్యం కానిది లేదు. ఫిబ్రవరి వచ్చేసరికి అవే నోళ్లు రెండో అంకం ఎత్తుకుంటాయి. డైరీ జనవరి దాటలేదు, జిమ్ముకు కట్టిన డబ్బు నీళ్లపాలైంది, నడకకని కొన్న బూట్లు గుమ్మం పక్కన దుమ్ము కొట్టుకుపోతున్నాయి. ఏం చేస్తాం, మనవాళ్లు ఆరంభశూరులు కదా!

మొదటి అంకం ఉపదేశం, రెండో అంకం వెక్కిరింత. రెంటికీ పునాది ఒకే నమ్మకం. మనిషి మారినా మారకపోయినా కారణం అతని పట్టుదలేనట. మారినవాడికి అది ఉన్నట్టు, మారనివాడికి లేనట్టు.

ఈ నమ్మకం తప్పు. దానికి చూపించే రుజువుల్లో కొన్ని కట్టుకథలు, కొన్ని సగం నిజాలు. మన ఊళ్లలో మనం రోజూ చూసే అనుభవమే దానికి ఎదురు సాక్ష్యం. పైగా ఏర్పాట్లలో ఉన్న లోపాన్ని మనిషి గుణంలో లోపంగా చూపించి, ఓడినవాడి నెత్తినే మరో మొట్టికాయ వేసే అన్యాయం ఇందులో ఉంది.

ముందు రుజువుల సంగతి తేల్చుకుందాం.

వ్యక్తిత్వ వికాస తరగతిలో ఒక్కసారైనా కూర్చున్నవాళ్లు యేల్ విశ్వవిద్యాలయం కథ వినే ఉంటారు. 1953లో అక్కడ డిగ్రీ పుచ్చుకున్నవాళ్లలో 3 శాతం మంది మాత్రమే తమ లక్ష్యాలను కాగితం మీద రాసి పెట్టుకున్నారట. ఇరవై ఏళ్లు పోయాక చూస్తే ఆ 3 శాతం మంది ఆస్తి, మిగిలిన 97 శాతం మంది ఆస్తి అంతా కలిపినా దానికంటే ఎక్కువ ఉందట. చెప్పేవాళ్లను బట్టి యేల్ కాస్తా హార్వర్డ్ అవుతుంది, 1953 కాస్తా 1979 అవుతుంది. 3 శాతం మాత్రం చెక్కుచెదరదు. అసలు అలాంటి పరిశోధన జరగనే లేదు. 1996లో ఫాస్ట్ కంపెనీ అనే అమెరికన్ పత్రిక దీని మూలం వెతుకుతూ, ఈ కథ చెప్పుకుని పేరు తెచ్చుకున్న ప్రసంగీకులను అడిగితే, ఒకరు ఇంకొకరి మీదికి తోసేశారు తప్ప ఆధారం చూపినవాళ్లు లేరు. ఆ తరగతి మీద అలాంటి సర్వే జరిగిన దాఖలా ఏదీ లేదని యేల్ వాళ్లే చెప్పారు. అయినా మన సెమినార్ హాళ్లలో ఆ 3 శాతం మంది ఇప్పటికీ కోట్లు గడిస్తూనే ఉన్నారు.

21 రోజుల మాట పూర్తిగా కల్పితం కాదు గానీ దారిలో చాలా మారిపోయింది. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో సైకో సైబర్నెటిక్స్ అనే పుస్తకం రాశాడు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు అద్దంలో తమ కొత్త ముఖానికి అలవాటుపడాలంటే కనీసం 21 రోజులైనా పడుతోందని తాను గమనించిన సంగతి అందులో చెప్పాడు. ఆయన చెప్పింది ముఖం గురించి. జనం అన్వయించుకున్నది పొద్దుటి నడకకు, సిగరెట్టుకు, ఇంగ్లిష్ నేర్చుకోవడానికి. 'కనీసం' అన్న జాగ్రత్త కూడా దారిలోనే జారిపోయింది. తరవాత లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మంది చేత తలా ఒక కొత్త అలవాటు మొదలుపెట్టించి, రోజువారీ గమనించి, 2010లో ఫలితాలు ప్రచురించింది. అలవాటు కుదురుకోవడానికి పట్టే కాలం సగటున 66 రోజులని తేలింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టం లేదని కూడా ఆ పరిశీలనే చెప్పింది. మనకేమో ఒక్క రోజు తప్పితే తపోభంగమే అన్నట్టు బోధిస్తారు. జనవరి 9న బద్ధకించినవాడు 10న మళ్లీ లేవకపోవడానికి సగం కారణం ఈ బోధే.

ఇక ప్రేరణ. వేదికల మీద అమ్ముడుపోయే అసలు సరుకు ఇదే. మిల్నె, ఆర్బెల్, షీరన్ అనే ముగ్గురు పరిశోధకులు బ్రిటన్‌లో విద్యార్థుల మీద చేసిన ప్రయోగం ఒకటి 2002లో అచ్చయింది. ఒక గుంపుకు ప్రత్యేకంగా ఏమీ బోధించలేదు. రెండో గుంపుకు వ్యాయామం లేకపోతే గుండెకు ఎంత ముప్పో వివరించి ఉత్సాహం ఎక్కించారు. మూడో గుంపుకు ఆ బోధతో పాటు, వచ్చే వారంలో ఏ రోజు, ఏ వేళకు, ఏ చోట వ్యాయామం చేస్తారో రాయించారు. ఆ వారంలో వ్యాయామం చేసినవాళ్లు మొదటి గుంపులో 38 శాతం, రెండో గుంపులో 35 శాతం, మూడో గుంపులో 91 శాతం. ఇది ఒక్క వారం ముచ్చట, విద్యార్థులు తమంతట తాము చెప్పిన లెక్క. కాబట్టి దీన్ని వేదవాక్యంగా పట్టుకోనక్కరలేదు. అయినా ఉత్సాహం ఎక్కించిన గుంపు ఏమీ చెప్పని గుంపును కూడా దాటలేకపోయిందన్న సంగతి ప్రేరణ ప్రసంగాలకు టికెట్టు కొనేవాళ్లు ఒకసారి తలుచుకోవాలి.

లక్ష్యాల శాస్త్రం అంతా బూటకమని నా వాదన కాదు. ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దశాబ్దాలపాటు చేసిన పరిశోధన గట్టిదే. అందులో పేరున్న ఉదాహరణ ఒకటి ఓక్లహామాది. 1970లలో అక్కడి కలప లారీలు చట్టం ఒప్పుకునే బరువులో దాదాపు 60 శాతమే ఎక్కించుకుని వెళుతుండేవి. 94 శాతం ఎక్కించాలని లక్ష్యం పెట్టాక కొన్ని నెలలకే దాదాపు అక్కడికి చేరాయి. జీతం పెంచలేదు, బెదిరించలేదు, అంకె ఒకటి చెప్పారు, అంతే. మంచిదే. అయితే అక్కడ లారీ సిద్ధంగా ఉంది, దుంగలు సిద్ధంగా ఉన్నాయి, ఎక్కించే మనుషులున్నారు, దారి ఉంది, నెల తిరిగేసరికి జీతం వస్తుంది. అన్నీ అమరాక మిగిలింది కాస్త శ్రద్ధ. ఆ కాస్త లోటును అంకె పూరించింది. మధ్యతరగతి ఇంట్లో పొద్దున ఆరు గంటలకు ఏం అమరి ఉంటుంది? కుళాయి వచ్చే వేళ అదే, పిల్లల స్కూలు ఆటో వేళ అదే, పెద్దవాళ్ల మందుల వేళా అదే. వాటి మధ్య 'రోజూ గంట నడక' అని గోడకు అంటించిన కాగితం ఎవరి పనీ తగ్గించదు, ఎవరికీ గంట మిగల్చదు.

స్మార్ట్ లక్ష్యాలని ఇప్పుడు స్కూలు పిల్లలకు కూడా నేర్పిస్తున్న సూత్రం కూడా ఇంటి కోసం పుట్టింది కాదు. 1981లో జార్జ్ డోరాన్ అనే ఆయన మేనేజ్‌మెంట్ రివ్యూ పత్రికలో కంపెనీల మేనేజర్లను ఉద్దేశించి రాశాడు. ఆయన పెట్టిన ఐదు షరతుల్లో మూడోది, ఆ పని ఎవరు చేయాలో ముందే ఖాయం చేయాలని. సూత్రం కంపెనీ దాటి ఇంట్లోకి వచ్చేసరికి చాలాచోట్ల ఆ షరతు ఎగిరిపోయి, 'సాధించగలిగేదై ఉండాలి' అన్న ఉత్తమాట దాని చోట కూర్చుంది. సొంత జీవితమే కదా, ఎవరు చేస్తారన్న ప్రశ్న ఎందుకనుకున్నారేమో. ఇంట్లో అడగాల్సిన మొదటి ప్రశ్నే అది.

పుస్తకాల సాక్ష్యం చాలు. మన వీధిలోకి వద్దాం.

కార్తికం వచ్చిందంటే తెలుగు ఊళ్లలో నల్లబట్టలు కనిపిస్తాయి. ఆటో నడిపేవాడు, బ్యాంకు ఉద్యోగి, కాంట్రాక్టరు, కాలేజీ కుర్రాడు గురుస్వామి చేత అయ్యప్ప మాల వేయించుకుంటారు. మండలం అంటే 41 రోజులు. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, కాళ్లకు చెప్పుల్లేవు, పడక నేల మీద, మధ్యాహ్నం భిక్ష, రాత్రికి అల్పాహారం. మందు లేదు, మాంసం లేదు, సిగరెట్ లేదు, నోట బూతుమాట లేదు. రోజుకు రెండు పెట్టెలు కాల్చే మనిషి కూడా ఆ 41 రోజులు నిప్పు ముట్టించడు. ఇదే మనిషి జనవరి ఒకటిన సిగరెట్ మానేస్తానని సంక్రాంతి దాకా నిలబడలేక, తోటివాళ్ల చేత సంకల్పబలం లేనివాడని అనిపించుకున్నవాడే. రెండు నెలల తేడాలో అతని సంకల్పబలం ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి పోయింది?

భక్తి అంటారు. ఆ భక్తి మిగతా పది నెలలూ కూడా ఉంది. అదే అయ్యప్ప పటం అతని కొట్టులో ఏడాది పొడవునా ఉంటుంది, దాని ముందు అగరుబత్తి వెలిగించిన చేత్తోనే అతను సిగరెట్ వెలిగిస్తాడు. మాల వేసుకున్నాక మారింది చుట్టూ ఉన్న లోకం. ఎదురైన ప్రతివాళ్లూ 'స్వామీ' అని పిలుస్తారు. కిళ్లీకొట్టువాడు అడిగినా ఇవ్వడానికి సందేహిస్తాడు. సాయంత్రం బారుకు రమ్మని పిలిచే స్నేహితులు పిలవడం మానేస్తారు, ఆ వేళకు సన్నిధానంలో భజన ఉంటుంది, పక్కన ఇరవై మంది స్వాములుంటారు. ఏ వేళకు ఏం చేయాలో ముందే ఖరారై ఉంది. ఎన్నాళ్లో తెలుసు. ఒంటి మీది బట్టే నలుగురికీ చెప్పేస్తుంది. అతను నిమిష నిమిషానికీ తనతో తాను యుద్ధం చేయనక్కరలేదు, యుద్ధానికి వచ్చేవాళ్లను ఏర్పాటే దూరం పెట్టింది. భవానీ దీక్ష తీసుకున్నవాళ్లూ, రంజాన్ నెలంతా ఉపవాసముండే ముస్లింలూ, ఈస్టరుకు ముందు శ్రమ దినాలు పాటించే క్రైస్తవులూ ఇదే చేసి చూపిస్తున్నారు. మతాలు వేరు, ఏర్పాటు ఒకటే. వేళ ఉంది, తోడు ఉంది, గడువు ఉంది.

మరి మాల తీశాక ఏమవుతుంది? కొందరు శాశ్వతంగా మానేస్తారు. చాలామంది కొండ దిగి ఇంటికి వచ్చాక మళ్లీ మొదలుపెడతారు. దీన్ని చూపించి దీక్ష దండగని నవ్వేవాళ్లున్నారు. నాకు మాత్రం ఇది నా వాదానికి రెండో రుజువులా కనిపిస్తుంది. 41 రోజులంటే 21కి దాదాపు రెట్టింపు. 21 రోజుల సూత్రమే నిజమైతే మాల వేసిన ప్రతివాడూ జన్మలో సిగరెట్ ముట్టకూడదు. పట్టుదలే మూలమైతే 41 రోజులు దాన్ని రుజువు చేసుకున్న మనిషి 42వ రోజున దాన్ని పోగొట్టుకోకూడదు. ఏర్పాటు ఉన్నన్నాళ్లు నడత ఉంది, ఏర్పాటు ఎత్తేయగానే నడత పోయింది. ఇంతకంటే స్పష్టమైన లెక్క ఏముంటుంది?

ఇంకో సాక్ష్యం నెల్లూరు జిల్లాది. సారా రోజుల్లో ఎన్ని వేల మంది మగవాళ్లు ఎన్ని వేల సార్లు 'రేపటి నుంచి ముట్టను' అని పిల్లల తల మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టి ఉంటారు! అవన్నీ తీర్మానాలే. చాలామంది మనస్ఫూర్తిగానే పెట్టి ఉంటారు కూడా. ఒకవైపు ఇంటింటా ఒట్లు, మరోవైపు వారుణి వాహిని పేరుతో సర్కారే ఊరూరికీ సారా ప్యాకెట్లు చేర్చే ఏర్పాటు. ఒట్టుకీ ప్యాకెట్టుకీ పోటీ పెడితే ఏది గెలుస్తుందో వేరే చెప్పాలా? 1992లో దూబగుంట ఆడవాళ్లు, రాత్రిపూట అక్షరాస్యత తరగతుల్లో కూర్చుని చదువుకుంటున్నవాళ్లు, భర్తల చేత ఇంకో ఒట్టు వేయించుకోవడానికి పోలేదు. ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపేశారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఆడవాళ్లు సారా వేలంపాటలకు అడ్డుపడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చింది, 1997లో దాన్ని ఎత్తేశారు, సారా మీద నిషేధం మాత్రం నిలిచింది. ఆ తరవాతి మద్యం విధానాల మంచిచెడ్డలు ఇక్కడ అప్రస్తుతం. ఆ ఆడవాళ్లు పట్టుకున్న సూక్ష్మం ఇక్కడ ముఖ్యం. మొగుడి మనసులో బలం పెరిగేదాకా కాచుకోవడం కంటే వీధిలో దుకాణం మూయించడం దగ్గరి దారి. అదే జిల్లాలో అదే ఆడవాళ్లు తరవాత రోజుకో రూపాయి చొప్పున పొదుపు సంఘాలు కట్టారు. ఒంటరిగా పోపుల డబ్బాలో దాచుకున్న డబ్బు అవసరానికో, మొగుడి చేతికో పోయేది. పది మంది కూర్చుని పుస్తకంలో రాసుకుని కట్టిన రూపాయి నిలిచింది. పొదుపు గుణం ఒక్కసారిగా పుట్టుకురాలేదు, పొదుపు నిలిచే చోటు దొరికింది.

ఇలాంటివి వెతికితే అడుగడుగునా ఉన్నాయి. ఎర్రబస్సులో చుట్టలు, బీడీలు కాల్చడం ఒకప్పుడు మామూలు సంగతి. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ స్థలాల్లో పొగతాగడాన్ని దేశమంతా నిషేధించారు. ఇప్పుడు బస్సులో ఎవరైనా బీడీ వెలిగిస్తే పక్కవాడే ఊరుకోడు. ప్రయాణికులంతా ఒక జనవరి ఒకటిన కూడబలుక్కుని తీర్మానం చేసుకోలేదు కదా. విశాఖలో బీచ్ రోడ్డు మీద పొద్దున కాసేపు వాహనాలను రానివ్వరు. అక్కడ పసిపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా నడుస్తారు. ఫుట్‌పాత్ లేని, ఉన్నా దాని మీద బళ్లు నిలిపిన కాలనీలో ఎంత సంకల్పబలం ఉన్నవాడైనా కుక్కలకు, లారీలకు భయపడి వెనక్కి తిరుగుతాడు.

చదువు విషయం తీసుకోండి. ఈ ఏడాది యాభై పుస్తకాలు చదువుతానన్న తీర్మానం జనవరి పుస్తక ప్రదర్శనల్లో తెగ అమ్ముడుపోతుంది. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలవ మీద, పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య తిరిగే పడవల్లో పుస్తకాలు పెట్టించారు. పడవ ప్రయాణం నెమ్మది, చేతిలో పని ఉండదు, పక్కన పుస్తకం ఉంది, చదివారు. గ్రంథాలయోద్యమం నడిపినవాళ్లు చదువు గొప్పతనం గురించి ఉపన్యాసాలు ఇవ్వలేదని కాదు, ఇచ్చారు. ఉపన్యాసంతో ఆగకుండా పుస్తకాన్ని జనం కూర్చునే చోటికి మోసుకెళ్లారు. ఇవాళ మన చేతుల్లో ఖాళీ దొరికిన ప్రతి నిమిషానికీ ఫోన్ ఉంది. ఆ ఫోన్ లోపల మనల్ని కదలనివ్వకుండా ఉంచడమే ఉద్యోగంగా వేలమంది జీతగాళ్లు పనిచేస్తున్నారు. వాళ్లకూ ఒంటరి పాఠకుడి పట్టుదలకూ కుస్తీ పెట్టి, పాఠకుడు ఓడితే 'నీలో దమ్ములేదు' అనడం ఏ న్యాయం?

ఇప్పుడు వంటింటి సంగతి. ఇంటాయన జనవరి ఒకటిన ప్రకటిస్తాడు, ఇకనుంచి అన్నం మానేసి కొర్రలు, అరికలు తింటానని. కొన్నేళ్ల కింద ఊరూరా వీరమాచనేని డైట్ నడిచినప్పుడు కొబ్బరినూనె, సూపులు అని ప్రకటించాడు. లక్ష్యం ఆయనది. రాత్రే చిరుధాన్యాలు నానబెట్టేదీ, పిల్లలకూ మామగారికీ మామూలు అన్నం వండి ఈయనకు వేరే కుక్కరు పెట్టేదీ, సూపు కోసం కూరగాయలు తరిగేదీ ఇల్లాలు. దీక్షలోని స్వామికి తెల్లవారకముందే మడిగా వండిపెట్టేదీ ఆవిడే. పది కిలోలు తగ్గాక ఆఫీసులో చప్పట్లు మాత్రం ఆయన సంకల్పబలానికి. ఇక ఆవిడ కూడా పొద్దున నడవాలనుకుంటే? ఏడున్నరకు మూడు క్యారియర్లు సర్దాలి. ఆవిడ నడక తీర్మానం వారంలో ఆగిపోతే, అందుకు కారణం ఆవిడ బద్ధకమని చెప్పే పుస్తకాలు బజారులో బోలెడు. నువ్వు సర్దాల్సిన క్యారియర్లు ఇకనుంచి నేను సర్దుతానని మగవాడి చేత రాయించే పుస్తకం మాత్రం కనబడదు. డోరాన్ మూడో షరతును ఎగరగొట్టింది ఎందుకో ఇక్కడ తెలుస్తుంది. 'ఎవరు చేస్తారు' అన్న ప్రశ్న అడిగితే చాలా ఇళ్లలో చాలా లక్ష్యాలు మరొకరి చాకిరీ మీద నిలబడ్డాయని బయటపడుతుంది.

ఆఫీసుల్లోనూ ఇదే తంతు. జనవరి మొదటి వారంలో ఆరోగ్యం మీద, నిద్ర మీద ఒక ప్రసంగీకుణ్ని పిలిచి ఉపన్యాసం ఇప్పిస్తారు. అదే వారం రాత్రి తొమ్మిదిన్నరకు అమెరికా వాళ్లతో కాల్ పెడతారు. నిద్ర చాలనివాడు తన క్రమశిక్షణ గురించి ఆలోచించుకోవాలి, కంపెనీ తన కాల్ వేళ గురించి ఆలోచించుకోనక్కరలేదు. లక్ష్యాల ప్రవచనం యాజమాన్యాలకు అంత ముద్దు కావడంలో ఆశ్చర్యమేముంది? అందులో ఖర్చంతా వినేవాడిది.

ఈ ప్రవచనం బరువు అందరికంటే ఎక్కువ మోసేది ఇంటర్ పిల్లలు. ఒకే లక్ష్యం, ఒకే ర్యాంకు, అది తప్పితే నువ్వు తప్పినట్టే అన్న పాఠం రెండేళ్లు వింటారు. అందుకే ఫలితాల రోజున పత్రికలు మార్కులు చూసుకునే వెబ్‌సైట్ల పక్కనే మానసిక సలహా కోసం ఫోన్ నంబర్లు కూడా అచ్చువేయాల్సి వస్తోంది. సీట్లు ఎన్నో, రాసేవాళ్లు ఎందరో ముందే తెలిసిన పోటీలో అందరికీ అదే లక్ష్యం ఇచ్చి, రానివాళ్లకు పట్టుదల చాలలేదని చెప్పడం లెక్కల్లో కూడా తప్పే.

ఎదుటిపక్షం దగ్గర మంచి వాదాలు కూడా ఉన్నాయి. వాటిని దాటవేయకూడదు. జాన్ నార్‌క్రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2002లో ప్రచురించిన పరిశీలనలో, కొత్త ఏడాది తీర్మానం చేసుకున్నవాళ్లలో ఆరు నెలల తరవాత 46 శాతం మంది నిలబడ్డారు. మారాలని కోరిక ఉండి కూడా తీర్మానం చేసుకోనివాళ్లలో నిలబడింది 4 శాతం. అంటే తీర్మానం పనికొస్తుంది కదా అంటారు. పనికొస్తుంది, మొదలుపెట్టడానికి. అదే నార్‌క్రాస్ 1980లలో రెండు వందల మందిని రెండేళ్ల పాటు గమనిస్తే, మొదటి వారం నిలబడ్డవాళ్లు 77 శాతం, రెండేళ్లకు మిగిలినవాళ్లు 19 శాతం. నెగ్గినవాళ్లలో సగానికి పైగా మధ్యలో జారిపడ్డవాళ్లే, అదీ సగటున 14 సార్లు. నెగ్గినవాళ్లు చెప్పిన ఉపాయాల్లో ముఖ్యమైనవాటిలో ఒకటి, నోరూరించే వస్తువును, జారిపడే చోటును తమకు దూరంగా ఉంచుకోవడం. దూబగుంట ఆడవాళ్లు కనిపెట్టిందీ ఇదే.

జనవరి ఒకటి మనది కాదు, ఉగాదికి మొదలుపెడితే నిలుస్తుందని ఇంకొందరు అంటారు. తేదీ మారిస్తే తీర్మానం బాగుపడదు. కొత్త వారం, కొత్త నెల, కొత్త ఏడాది, పుట్టినరోజు, ఏదైనా సరే మనిషికి కాస్త ఊపు ఇస్తుందని 2014లో డై, మిల్క్‌మన్, రీస్ అనే పరిశోధకులు చూపించారు. ఊపు సోమవారానికీ ఉంది, ఉగాదికీ ఉంది. ఊపు తగ్గాక పట్టుకునే ఆసరా ఏమిటన్నదే ప్రశ్న.

గాంధీని చూడండి, ఒక్కడి సంకల్పం ఎంత చేసిందో అంటారు. గాంధీనే చూద్దాం. వ్రతాల మనిషి, నిజమే. మరి ఆ వ్రతాలను తన గదిలో కాగితం మీద రాసుకుని ఎందుకు ఊరుకోలేదు? 1915లో కొచ్రబ్‌లో, 1917లో సబర్మతి ఒడ్డున ఆశ్రమాలు పెట్టాడు. తెల్లవారుజామున నాలుగింటికే గంట, నలుగురూ కలిసి ప్రార్థన, ఉమ్మడి వంట, రాట్నం. సంకల్పబలానికి మనం పెట్టుకున్న పెద్ద ఉదాహరణే ఏర్పాటు లేకుండా సంకల్పాన్ని నమ్మలేదు.

మనిషి బాధ్యతను తీసేస్తున్నావని ఆఖరి ఆక్షేపణ. తీసేయడం లేదు, అది పనికొచ్చే చోట పెడుతున్నాను. రోజుకు వంద సార్లు కోరికను అణచుకోవడం బాధ్యతయితే, ఆ వంద సార్లు రాకుండా ఒక్కసారి ఇల్లు సర్దుకోవడం అంతకంటే పెద్ద బాధ్యత. ఫోన్‌ను రాత్రి పడకగది బయట పెట్టడం, జీతం పడిన రోజే పొదుపు డబ్బు ఖాతాలోంచి దానంతటది వెళ్లేలా బ్యాంకులో చెప్పిపెట్టడం, నడకకు పక్కింటాయనతో వేళ కుదుర్చుకోవడం, ఇంట్లో పని పంచుకోవడం గురించి కూర్చుని మాట్లాడటం. ఇవేవీ గోడ మీద అంటించుకోవడానికి గంభీరంగా ఉండవు. చెప్పుకుంటే చప్పట్లు రావు. కానీ ఇవి జూన్‌లో కూడా ఉంటాయి. ఇంటి గడప దాటాక బాధ్యత ఇంకొందరిది కూడా. ఫుట్‌పాత్ మున్సిపాలిటీని అడగాలి, కాల్ వేళ కంపెనీని అడగాలి, వీధిలో మద్యం దుకాణం వద్దని సర్కారును అడగాలి. అడగడం కూడా తీర్మానమే, ఒంటరిగా చేసేది కాదు.

కాబట్టి తీర్మానం రాసుకోవద్దని నేననను. రాసిన ప్రతి వాక్యం కింద నాలుగు ప్రశ్నలకు జవాబు కూడా రాయమంటాను. ఏ వేళకు? ఏ చోట? ఎవరి తోడుతో? దీనివల్ల ఎవరి పని పెరుగుతుంది? మొదటి మూడింటికి జవాబు లేకపోతే అది కోరిక మాత్రమే, దాన్ని తీర్మానమని పిలిచి ఫిబ్రవరిలో సిగ్గుపడే పని పెట్టుకోవద్దు. నాలుగో ప్రశ్నకు జవాబుగా ఇంట్లో ఒకరి పేరు వస్తే, గోడకు అంటించే ముందు ఆ కాగితం వాళ్ల చేతికివ్వండి. వాళ్లు కొట్టేసిన వాక్యాలు పోగా మిగిలినవే మీవి.